నలభై కచేరీల జాబితా పక్కన పెట్టండి, మూడు వినండి

ప్రశ్న: నా వయసు 27. రాక్, జాజ్ వింటాను. అమ్మ పాడుతుంది కాబట్టి కర్ణాటక సంగీతం చిన్నప్పటినుంచీ చెవిన పడుతూనే ఉంది. నేను పుట్టకముందే అయిపోయిన గొప్ప కచేరీలన్నీ ఒక జాబితాగా రాసుకున్నాను. మాంటెరే, వుడ్‌స్టాక్, బంగ్లాదేశ్ కోసం చేసిన కచేరీ, కొలోన్‌లో కీత్ జారెట్, షియా స్టేడియంలో బీటిల్స్... ఇప్పటికి నలభై దాటాయి. రోజూ రాత్రి ఫోన్లో ఒకటి పెడతాను, పది నిమిషాలకే మనసు పక్కకి పోతుంది. అందరూ ఒళ్లు గగుర్పొడిచిందంటారు, నాకేమీ కాదు. లోపం నాదా, రికార్డులదా? నలుగురు స్నేహితులం నెలకోసారి ఒకచోట కూర్చుని విందామనుకుంటున్నాం. నాన్నగారి పాత ఆంప్లిఫయర్, రెండు స్పీకర్లు ఉన్నాయి. ఎడమది ఉండుండి ఆగిపోతోంది. ఎక్కడ మొదలుపెట్టాలి?
— ఒక పాఠకుడు, విజయవాడ

సమాధానం: లోపం కొంత రికార్డులది, ఎక్కువ పద్ధతిది. మీ చెవిది మాత్రం కాదు. కచేరీలో జనం ఊగిపోయిన చోటు ఒక్కటే కత్తిరించి ఫోన్లో వినడమంటే పులిహోర వదిలేసి పోపు మాత్రం నోట్లో వేసుకోవడమే. ఆ చోటుకి రావడానికి ముందు ముప్పావుగంట అక్కడ కూర్చున్నవాళ్లకి దక్కింది మీకు దక్కదు.

ముందు జాబితాని కాస్త వడపోయాలి. మీరు రాసిన వాటిలో కొన్నింటికి వెళ్లి ఉన్నా ఏమీ వినపడేది కాదు. షియా స్టేడియం సంగతే చూడండి. 1965 ఆగస్టు 15న న్యూయార్క్‌లో 55 వేలమందికి పైగా వచ్చారు. బీటిల్స్ ఆడింది సుమారు అరగంట. వేదికమీద వంద వాట్ల గిటార్ ఆంప్లిఫయర్లు, గొంతులకేమో బేస్‌బాల్ ఆటలో ప్రకటనలు చదివే స్టేడియం మైకుసెట్టు. పాడేవాళ్లకి తమ గొంతు తమకు వినిపించే మానిటర్లు లేవు. జనం కేకల్లో పాట మునిగిపోయింది. తర్వాత వచ్చిన సినిమా కోసం 1966 జనవరిలో లండన్ స్టూడియోలో చాలా భాగం మళ్లీ పాడి, వాయించి అతికించారు. మీరు ఫోన్లో చూసి "ఏముంది ఇందులో" అనుకున్నది ఆ అతుకులబొంతనే కావచ్చు. అది చరిత్రగా గొప్పదే, కాని చెవికి అందేది తక్కువ. దాన్ని చూడాల్సిన కచేరీల్లో వేయండి, వినాల్సిన వాటిలోంచి తీసేయండి.

రెండో చిక్కు, "లైవ్" అని అట్టమీద ఉన్నదంతా లైవ్ కాదు. డ్యూక్ ఎలింగ్టన్ 1956 జులై 7న న్యూపోర్ట్‌లో చేసిన కచేరీ జాజ్ ప్రియులందరి నోటా ఉంటుంది. పాల్ గాన్‌సాల్వెస్ శాక్సఫోన్‌మీద వరసగా 27 ఆవృత్తాలు వాయించాడు, జనం కుర్చీల్లోంచి లేచిపోయారు. కాని అతను నిలబడింది రికార్డు కంపెనీ మైకు ముందు కాదు, పక్కనే ఉన్న వాయిస్ ఆఫ్ అమెరికా రేడియో మైకు ముందు. అందుకే పాత ఎల్పీలో ఆ శాక్సఫోన్ ఎక్కడో పక్కవీధిలో మోగుతున్నట్టుంటుంది. ఆ ఎల్పీలో మిగతాది చాలావరకు స్టూడియోలో మళ్లీ వాయించి చప్పట్లు కలిపినదే. తర్వాత రేడియోవాళ్ల టేపు దొరికింది. రెండు మోనో టేపుల్నీ కుడి ఎడమలుగా జతచేసి 1999లో విడుదల చేశారు. కచేరీ ఒకటే, పేరు ఒకటే. ఏ ముద్రణ విన్నారన్నదాన్నిబట్టి మీ అభిప్రాయం తలకిందులవుతుంది.

జానీ క్యాష్ 1968 జనవరి 13న ఫాల్సమ్ జైల్లో పాడినప్పుడు, హత్య చేసిన సంగతి చెప్పే పాదం రాగానే ఖైదీలు కేరింతలు కొట్టినట్టు రికార్డులో వినిపిస్తుంది. ఆ కేక తర్వాత స్టూడియోలో కలిపింది. లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్ కచేరీ అంటూ ఏళ్లతరబడి దొంగ టేపులుగా తిరిగిన బాబ్ డిలన్ 1966 రికార్డు నిజానికి మే 17న మాంచెస్టర్‌లోని ఫ్రీ ట్రేడ్ హాల్‌ది. ఎవరో "జూడాస్!" అని అరిచింది అక్కడే. అంచేత ప్రతి కచేరీకి మూడు విషయాలు వెతికి రాసుకోండి: ఏ తేదీ, ఒకే ఆటా లేక రెండు మూడు ఆటల్లోంచి ఏరిన ముక్కలా, తర్వాత స్టూడియోలో ఏమైనా కలిపారా. ఇవి అట్టమీది చిన్న అక్షరాల్లోనో, మళ్లీ ముద్రించినప్పుడు వేసిన పుస్తకంలోనో సాధారణంగా ఉంటాయి.

ఇక మొదటి మూడు నెలలకీ మా సలహా, పండిట్ రవిశంకర్ సితార్, ఉస్తాద్ అల్లా రఖా తబలా. అవే చేతులు, మూడు వేర్వేరు జనాల ముందు: 1967లో మాంటెరే, 1969లో వుడ్‌స్టాక్, 1971లో న్యూయార్క్ (బంగ్లాదేశ్ కోసం చేసిన కచేరీ). మూడూ మీ జాబితాలో ఉన్నవే. పైగా అమెరికా కుర్రవాళ్లకి ఆనాడు లేని తాళంచెవి ఒకటి మీ ఇంట్లోనే ఉంది. అమ్మగారి పాట.

మాంటెరే కచేరీ కాలిఫోర్నియాలో, తిరునాళ్లు జరిగే మైదానంలో, 1967 జూన్ 16 నుంచి 18 వరకు. మిగతావాళ్లంతా డబ్బు తీసుకోకుండా వాయించారు. రవిశంకర్ ఒక్కరికే 3,000 డాలర్లు ముట్టాయి. ఆదివారం మధ్యాహ్నమంతా ఆయనకే వదిలారు, ముందూ వెనకా ఇంకో బృందం లేదు. ఎంచుకున్నది భీంపలాసి, మధ్యాహ్నపు రాగం. మన ఆభేరికి దగ్గరి చుట్టం: ఆరోహణలో రి, ద ఉండవు, అవరోహణలో ఏడు స్వరాలూ ఉంటాయి. కాబట్టి వినడానికి వారం ముందునుంచి రోజూ ఒకసారి "నగుమోము గనలేని" వినండి. అమ్మగారు పాడితే మరీ మంచిది. "గ మ ప ని" పైకెక్కే దారి చెవిలో స్థిరపడితే చాలు, ఆలాపన మొదలైన రెండో నిమిషానికే తెలిసినవాళ్ల ఇంటికి వెళ్లినట్టుంటుంది.

రాగం తర్వాత తబలా ఒక్కటే వస్తుంది, ఏక్‌తాల్‌లో. పన్నెండు మాత్రలు. వేళ్లమీద లెక్కపెడుతూ, ప్రతి ఒకటో మాత్రకీ తొడమీద తట్టండి. తప్పిపోతే మళ్లీ ఒకటి దొరికేదాకా ఆగి పట్టుకోండి, ఊహించి తట్టొద్దు. చివరిది ధున్, అంటే తేలికపాటి బాణీ: ముందు ఆరు మాత్రల దాద్రా, ఆపైన వేగంగా పదహారు మాత్రల తీన్‌తాల్. ఆ మధ్యాహ్నం రవిశంకర్ వాయించింది గంటలతరబడి. ఎల్పీలోకి వచ్చింది గంటలోపే. మీరు వింటున్నది ఒక ముక్క అని గుర్తుంచుకోండి.

ఆ ఉత్సవంమీద పెన్నెబేకర్ తీసిన సినిమా ఉంది. అది ముగిసేది ఈ ధున్‌తోనే. కెమెరా చాలాసేపు వాయించేవాళ్లని చూపించదు, జనాన్నే చూపిస్తుంది. సినిమా ముందు చూడకండి. విన్నాక చూస్తే ఆ ముఖాల్లో ఎవరు ఎక్కడ లయ అందుకున్నారో మీకే కనిపిస్తుంది. ముందే చూస్తే మాత్రం వాళ్లు పొందిన ఆనందాన్ని మీరు అరువు తెచ్చుకుంటారు. "ఒళ్లు గగుర్పొడిచింది" అనేవాళ్లలో సగం మంది బాపతు అదే.

వుడ్‌స్టాక్ దీనికి పూర్తిగా ఎదురు. 1969 ఆగస్టు 15, శుక్రవారం రాత్రి, బెతెల్ దగ్గర పాడిపశువుల పొలం, వాన, నాలుగు లక్షలదాకా జనం. తడిసే తోలు, తడిసే తీగెలు. శ్రుతి నిలవడమే గగనం. రవిశంకర్ వాయించింది పూరియా ధనాశ్రీ రాగం, ఝప్‌తాల్‌లో తబలా, ఆపైన మాంఝ్ ఖమాజ్ రాగం. ఆ బురదలో కూర్చున్న జనాన్ని చూస్తే మన ఊళ్లలో బురదగుంటల్లో పడుకునే గేదెలు గుర్తొచ్చాయని తర్వాత ఆయనే అన్నారు. ఆ అనుభవం ఆయనకి నచ్చలేదు. ప్రధాన సినిమాలో ఆయన కనిపించరు కూడా. అయినా ఇది రెండో నెలకి పెట్టమనడానికి కారణం ఉంది. మాంటెరేలో జనం రాగం కోసం కూర్చున్నారు, ఇక్కడ రాగం జనం మధ్యలోంచి దారి చేసుకోవాల్సి వచ్చింది. ఒకదాని తర్వాత ఒకటి వింటే ఆలాపన ఎంత తొందరగా ముగిసిందో, తబలా ఎంత ముందుకు వచ్చిందో తెలుస్తుంది.

పూరియా ధనాశ్రీ కోసం పంతువరాళి వినండి, "రఘువర నన్ను" సరిపోతుంది. ఝప్‌తాల్ అయితే తెలుగు చెవికి పెద్ద పనే కాదు. పది మాత్రలు, 2-3-2-3. "తక తకిట, తక తకిట" అని ఖండచాపు రెండుసార్లు వేసుకుంటే సరిగ్గా కూర్చుంటుంది.

మూడోది 1971 ఆగస్టు 1, మాడిసన్ స్క్వేర్ గార్డెన్. ఆదివారం రెండు ఆటలు, మధ్యాహ్నం రెండున్నరకి, రాత్రి ఎనిమిదికి, రెండిటికీ కలిపి సుమారు 40 వేలమంది. తూర్పు బెంగాల్లో (నేటి బంగ్లాదేశ్) 1970 నవంబరు తుఫాను, ఆ తర్వాత యుద్ధం, కాందిశీకులు. రవిశంకర్ అడిగితే బీటిల్స్ గిటారిస్టు జార్జ్ హారిసన్ కదిలి ఈ కచేరీ పెట్టాడు. మొదట సితార్, సరోద్ జుగల్‌బందీ. సరోద్ ఉస్తాద్ అలీ అక్బర్ ఖాన్‌ది, తబలా అల్లా రఖాది, తంబూరా కమలా చక్రవర్తిది. అలీ అక్బర్ పుట్టిన శిబ్‌పూర్ ఆ తూర్పు బెంగాల్లోనే ఉంది, రవిశంకర్ పూర్వీకులదీ ఆ వైపే. వాయించిన దానికి పెట్టిన పేరు "బంగ్లా ధున్". అది సొంత ఊరి బాణీ. సాయంగా పంపిన పాట అనుకుని వింటే సగం పోతుంది.

ఇక్కడ అందరూ చేసే తప్పు, మాటలున్నాయని మొదటి ట్రాక్ దాటేయడం. అది ఐదు నిమిషాల పైచిలుకే, దాటొద్దు. రవిశంకర్ పొగ తాగొద్దని జనాన్ని అడుగుతారు. తర్వాత వాద్యాలు శ్రుతి చేసుకుంటారు. అది పూర్తవగానే హాలంతా చప్పట్లు. శ్రుతి చేసుకోవడమే ఇంత నచ్చితే వాయించేది ఇంకా నచ్చుతుందనుకుంటానని ఆయన నవ్వుతూ అంటారు. నవ్వేసి ఊరుకోకుండా ఆ శ్రుతినే మళ్లీ ఒకసారి వినండి. సితార్ ఎక్కడ ఆగింది, సరోద్ వచ్చి ఎక్కడ కలిసింది అన్నది అక్కడ పట్టుకుంటే తర్వాతి పదహారు నిమిషాల్లో ప్రశ్న ఎవరిదో జవాబు ఎవరిదో సులువుగా తెలుస్తుంది. సితార్ తీగెకి మెట్లున్నాయి, జవారీ (తీగె ఆనే బ్రిడ్జి వంపు) వల్ల మోత సాగుతుంది. సరోద్‌కి మెట్లు లేవు, నున్నటి లోహపు పలకమీద గోరు జారుతుంది, దెబ్బ పొట్టిగా గట్టిగా ఉంటుంది. కళ్లు మూసుకుని ఎవరెవరో చెప్పుకోవడం నలుగురికీ మంచి ఆట. మిగతా ఆల్బమ్, అంటే హారిసన్, బిల్లీ ప్రెస్టన్, లియాన్ రసెల్, చివర్లో డిలన్, అదే కూర్చున్నంతలో వినేయొచ్చు, మొత్తం గంటా నలభై నిమిషాలు. రాక్ భాగానికి పాఠం అక్కర్లేదు, మీకు తెలిసినదే. ఒక్క మాట, అందులో కొన్నిచోట్ల రెండు ఆటల ముక్కలూ కలిపారు. (రాత్రి ఆట మొదలైనప్పుడు విజయవాడలో మర్నాటి తెల్లవారుజాము ఐదున్నర. ఆగస్టు 2న ఆ వేళకి లేచి వినేంత ఓపిక మీ బృందానికి ఉంటే అంతకంటే మంచి ముహూర్తం లేదు.)

ఇక ఇంట్లో ఏర్పాట్లు. ఫోన్లో ముందు నాలుగు మీటలు సరిచేయండి. షఫుల్ ఆపండి. పాట చివర్లో ఇంకో పాట కలిసిపోయే క్రాస్‌ఫేడ్ సున్నా చేయండి. గ్యాప్‌లెస్ ప్లేబ్యాక్ ఆన్‌లో ఉంచండి, లేకపోతే చప్పట్ల మధ్యలో క్షణం నిశ్శబ్దం పడి హాలు మాయమైపోతుంది. అన్నిటికంటే ముఖ్యం, పాటలన్నిటి శబ్దాన్నీ సమానం చేసే నార్మలైజేషన్ ఆపాలి. అది ట్రాక్ ట్రాక్‌కీ విడివిడిగా పనిచేస్తే ఆలాపనని పెంచి, ద్రుతాన్ని (వేగంగా సాగే భాగాన్ని) తగ్గిస్తుంది. కచేరీ ఎక్కిన ఎత్తంతా చదును. మీకు పది నిమిషాలకే విసుగొచ్చిందంటే మొదట అనుమానించాల్సింది దీన్నే. వినబోయేది ముందే డౌన్‌లోడ్ చేసి ఫోన్‌ని ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి.

ఆంప్లిఫయర్‌కి తీగతోనే కలపండి. ఫోన్‌కి ఇయర్‌ఫోన్ రంధ్రం లేకపోతే డాక్ (డీఏసీ, డిజిటల్ శబ్దాన్ని ఆంప్లిఫయర్‌కి పనికొచ్చేలా మార్చే భాగం) ఉన్న యూఎస్‌బీ-సీ అడాప్టర్ కావాలి. ఫోన్ శబ్దం దాదాపు పూర్తిగా పెంచి, తగ్గించడం పెంచడం ఆంప్లిఫయర్‌మీదే చేయండి. బ్లూటూత్ పాట వరకు పర్వాలేదు. సినిమాకి మాత్రం వేలు ముందు, శబ్దం వెనక అవుతుంది.

స్పీకర్ల మధ్య ఆరడుగులు, ఒక్కోదానినుంచి మీకు ఆరేడడుగులు. వెనక గోడకి అడుగున్నరైనా దూరం, లేకపోతే తబలా ఎడమచేతి డగ్గా గుమ్ముమని మిగతాదాన్ని మింగేస్తుంది. చిన్న కోను, అంటే ట్వీటర్, చెవి ఎత్తులో ఉండాలి. చాపమీద కూర్చుంటే స్పీకర్ కింద పీట చాలు, బల్లమీద పెట్టొద్దు. టైల్స్ నేల అయితే స్పీకర్లకీ మీకూ మధ్య జంపఖానా పరవండి. నలుగురూ వరసగా కూర్చుంటే చివరివాళ్లకి ఒక స్పీకరే వినిపిస్తుంది. ఇద్దరు ముందు, ఇద్దరు వెనక కూర్చోండి.

ఫ్యాను కట్టేయండి. బెజవాడలో ఇది కఠినమైన సలహా అని తెలుసు, కాని తంబూరా, సితార్ తరఫ్ తీగెల (మీటకుండానే తోడుగా మోగే అడుగు తీగెల) మోత, హాలు గాలి, ఇవన్నీ ఫ్యాను రొద కింద పూర్తిగా పోతాయి. ముందే గది చల్లబరుచుకుని ఆలాపన సేపైనా ఆపండి. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ అయితే కరెంటు పోయినప్పుడు ఆంప్లిఫయర్ జుమ్మంటుంది. అది పాడైనట్టు కాదు, కరెంటు వచ్చేదాకా ఆపి టీ తాగండి.

శబ్దం ఎంత పెట్టాలన్నదానికి ఒక కొలత ఉంది. కచేరీ మొదట్లో ఎవరో ఒకరు మాట్లాడతారు. ఆ మనిషి మీ గదిలో నిలబడి కాస్త గట్టిగా మాట్లాడినట్టు వినిపించే చోట నాబ్ వదిలేయండి, మళ్లీ ముట్టుకోవద్దు. ఆలాపన నెమ్మదిగా ఉందని పెంచితే ద్రుతంలో చెవులు పగులుతాయి, అప్పుడు తగ్గిస్తారు. నార్మలైజేషన్ చేసిన చెడ్డపనే మీ చేత్తో చేసినట్టవుతుంది.

వింటున్నంతసేపూ వ్యాఖ్యానం వద్దు. సరుకు తెలిసిన స్నేహితుడు ఒకడు ప్రతి గుంపులో ఉంటాడు, "ఇప్పుడు చూడు, ఇప్పుడు చూడు" అంటాడు. అతన్ని ముందే బతిమాలుకోండి. పకోడీల పొట్లం విరామానికి. ఒక సాయంత్రానికి ఒక్క కచేరీయే.

నాలుగో నెలకి కొలోన్. 1975 జనవరి 24, ఒపేరా హాలు, రాత్రి పదకొండున్నర, సుమారు 1,400 మంది. ఏర్పాటు చేసిన వెరా బ్రాండెస్‌కి అప్పటికి పద్దెనిమిదేళ్లు. జారెట్ అడిగిన పెద్ద బోజెండార్ఫర్‌కి బదులు రిహార్సల్‌కి వాడే చిన్న పియానో వేదికెక్కింది. పై స్థాయి రేకు మోగినట్టుంది, మంద్రానికి బలం లేదు, పెడళ్లు సరిగ్గా లేవు. అందుకే చేతులు ఎక్కువసేపు నడిమి మెట్లమీదే తిరుగుతాయి, ఎడమచెయ్యి ఒకే చిన్న నడకని తిప్పి తిప్పి కొట్టి లేని మంద్రాన్ని పుట్టిస్తుంది. వినేటప్పుడు ఆ ఎడమచేతినే పట్టుకుని పోండి. మధ్యమధ్య వినిపించే మూలుగు రికార్డు లోపం కాదు, వాయించేవాడిది. మొదటి భాగం 26 నిమిషాలు. రెండోది "ఎ", "బి" అని విడిగా కనిపించినా ఒకే వాదన, ఎల్పీ పక్క చాలక విరిచారు. అక్కడ ఆగి లేవకండి.

"మనవాళ్లవి లేవా" అని అమ్మగారు అడిగేలోపే ఐదో నెల కూడా రాసుకోండి: పాలకొల్లు మాండొలిన్ శ్రీనివాస్. అల్లా రఖా కొడుకు జాకీర్ హుస్సేన్, గిటార్ జాన్ మెక్‌లాఫ్లిన్‌లతో కలిసి "రిమెంబర్ శక్తి" బృందంలో వాయించినవి, 2000, 2001లలో వచ్చిన లైవ్ ఆల్బమ్‌లు. మూడు నెలలు తండ్రి తబలా విన్న చెవికి కొడుకు వేళ్లు వేరే రకంగా వినిపిస్తాయి.

ఎడమ స్పీకర్ సంగతి. ఆంప్లిఫయర్ ఆపి, ప్లగ్గు తీసి, వెనకాల రెండు స్పీకర్ల తీగలూ ఒకదాని చోట ఒకటి మార్చండి. లోపం ఇంకా ఎడమ స్పీకర్‌లోనే ఉంటే అది స్పీకర్‌దో, దాని తీగదో. తీగ చివర అరంగుళం కోసి కొత్త రాగి బయటపెట్టి బిగించండి, చాలాసార్లు అక్కడితో సరి. లోపం కుడివైపుకి మారితే జబ్బు ఆంప్లిఫయర్‌లోనో ఫోన్ తీగలోనో ఉన్నట్టు. ఫోన్ నుంచి వచ్చే ఎరుపు, తెలుపు పిన్నులు అటూ ఇటూ మార్చి చూడండి. దానికీ మారకపోతే వాల్యూమ్, బ్యాలెన్స్ నాబుల్లో దుమ్ము. ప్లగ్గు తీసి ఉండగానే కాంటాక్ట్ క్లీనర్ రెండు చుక్కలు కొట్టించి, ఆ చివరినుంచి ఈ చివరికి పాతికసార్లు తిప్పాలి, ఆరిన తర్వాతే కరెంటు ఇవ్వాలి. పాత ఆంప్లిఫయర్ మూత మీరు తీయొద్దు, ప్లగ్గు తీసినా కెపాసిటర్లలో కరెంటు నిలిచి ఉంటుంది. రిపేరు చేసేవాళ్ల దగ్గరికి పట్టుకెళ్లండి.

అది బాగై వచ్చేలోపు ఒక్క స్పీకర్‌తో సరిపోయే కచేరీ కూడా ఉంది. 1938 జనవరి 16న న్యూయార్క్ కార్నెగీ హాల్‌లో బెన్నీ గుడ్‌మన్. వేదికమీద వేలాడదీసిన ఒకే మైకు పట్టింది. 1950లో గాని ఎల్పీగా బయటికి రాలేదు. పూర్తి మోనో. ఫోన్లో మోనో ఆడియో మీట నొక్కి, కుడి స్పీకర్‌ని గది మధ్యకి జరిపి, దాని ఎదురుగా కూర్చోండి.